గుండె జబ్బంటే బ్లాకులేనా?

మన ఇళ్లల్లో ఎవరికైనా గుండె జబ్బని తెలిస్తే మొదట అడిగేది, "ఎన్ని బ్లాకులట?" ఆ తర్వాత, "స్టెంట్ వేశారా, బైపాసా?" చూడ్డానికి వచ్చినవాళ్లంతా యాంజియోగ్రామ్ గురించే మాట్లాడతారు. నూనె తగ్గించమంటారు, పొద్దున్నే నడవమంటారు. మంచి మాటే. కానీ గుండెకు రక్తమిచ్చే నాళాలు మూసుకుపోవడం ఒక్కటే గుండె జబ్బు కాదు. గుండె లోపల నాలుగు కవాటాలున్నాయి. రక్తం వెనక్కి రాకుండా ముందుకే పోతోందంటే వాటి చలవే. వాటిని పాడుచేసే ఒక జబ్బు, రుమాటిక్ గుండె జబ్బు, చిన్నతనంలో, మామూలు గొంతు నొప్పితో, ఎక్కువగా పేదవాళ్ల ఇళ్లల్లో మొదలవుతుంది. దాన్ని ఆపే మందు, పెనిసిలిన్, చాలా పాతది, చాలా చవక. ఆ మందును పిల్లలకు వేళకు అందించడంలో మనం దారుణంగా వెనకబడ్డాం. నా కోపమంతా దాని మీదే. అయితే ఆ కోపం మీకు అర్థం కావాలంటే ముందు కవాటం ఎలా పనిచేస్తుందో చూడాలి.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. పదో తరగతిలో రక్త ప్రసరణ పాఠం వచ్చినప్పుడు మటన్ కొట్టులో చెప్పి గుండె తెప్పిస్తాను. పైనున్న గొట్టాలు కొయ్యొద్దని ముందురోజే గట్టిగా చెప్పాలి. లేకపోతే అలవాటు కొద్దీ పైభాగమంతా తీసి పారేసి, కూరకు పనికొచ్చే కండ మాత్రం చేతిలో పెడతారు. చూడాల్సిన కవాటాల్లో కొన్ని ఆ పారేసిన ముక్కతోనే పోతాయి.

గుండెను కుళాయి కింద కడిగి, లోపల గడ్డకట్టిన రక్తం తీసేసి, ఎడమవైపు పై గదిని, అంటే ఎడమ కర్ణికను, కత్తెరతో విప్పితే కింద ఉన్న జఠరికలోకి దారి కనబడుతుంది. ఆ దారికి రెండు రెక్కలు. ఒక రెక్కను వేలి మీద పరిచి వెలుతురుకు పెడితే వెనకున్న వేలు లీలగా కనిపిస్తుంది, అంత పలుచన. రెక్కల అంచుల నుంచి తెల్లటి దారాలు కిందికి దిగి, జఠరిక గోడల్లోంచి పొడుచుకొచ్చిన చిన్న కండరాల్లో నాటుకుని ఉంటాయి. లాగి చూడమంటే పిల్లలు మొదట భయపడతారు, తర్వాత గట్టిగానే లాగుతారు. తెగవు. ఇదే మిట్రల్ కవాటం, పుస్తకంలో అగ్రద్వయ కవాటం అని ఉంటుంది. దీని మీద మగ్గుతో నీళ్లు పోస్తే ఏ అడ్డూ లేకుండా జఠరికలోకి దిగిపోతాయి. ఇప్పుడు మహాధమనిని, అంటే గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద గొట్టాన్ని, రెండు వేళ్లతో నొక్కిపట్టి, జఠరికను అరచేత్తో మెల్లగా పిండాలి. లోపలి నీళ్లే రెక్కల్ని కిందనుంచి పైకి లేపి ఒకదానికొకటి ఆనించేస్తాయి. దారాలు బిగుసుకుని రెక్కలు పైకి తిరగబడకుండా పట్టుకుంటాయి. బల్ల చుట్టూ ఉన్న పిల్లలు ఒక్కసారిగా "మూసుకుంది సార్!" అంటారు.

మహాధమని వైపు కవాటం ఇంకో రకం. దానికి దారాలు లేవు. గోడకు కుట్టినట్టు మూడు చిన్న జేబులుంటాయి. పైనుంచి నీళ్లు పోస్తే ఆ మూడూ నిండి, ఉబ్బి, మధ్యలో కలుసుకుని దారి మూసేస్తాయి. నీళ్లు పైనే నిలబడతాయి, కాకపోతే జేబుల వెనక గోడలో ఉన్న రెండు రంధ్రాల్లోంచి కాస్త కాస్త జారిపోతుంటాయి. ఆ రంధ్రాలే కరోనరీ ధమనుల మొదళ్లు, మనవాళ్లు చెప్పుకునే బ్లాకులన్నీ వచ్చేది ఆ దారిలోనే. లియొనార్డో డావిన్సీ 16వ శతాబ్దం మొదట్లోనే ఎద్దు గుండెల్ని కోసి చూసి, ఈ జేబుల వెనక రక్తం సుడులు తిరుగుతుందని, ఆ సుడులు కవాటం మూసుకోవడానికి తోడ్పడతాయని బొమ్మలు గీశాడు. అతని ఆలోచన నిజమేనని ప్రయోగాలతో తేలడానికి 20వ శతాబ్దం దాకా పట్టింది.

ఏటా ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఒకటుంది: "సార్, దీన్ని మూసుకోమని ఎవరు చెబుతారు?" నాకు చాలా ఇష్టమైన ప్రశ్న ఇది. ఎవరూ చెప్పరు. బల్ల మీదున్నది ప్రాణం లేని గుండె. నరం లేదు, కండ బిగుసుకోవడం లేదు, అయినా కవాటం తన పని తాను చేసింది. ముందు పీడనం ఎక్కువైతే మూసుకుంటుంది, వెనక పీడనం ఎక్కువైతే తెరుచుకుంటుంది. దానికున్న బలమంతా ఆకారంలో, పలుచదనంలో, మెత్తదనంలో ఉంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. గుండె కండ బలహీనపడితే దాని మీద భారం తగ్గించే మందులున్నాయి. లయ తప్పితే సరిచేసే మందులున్నాయి. గట్టిపడిన రెక్కను మళ్లీ మెత్తగా చేసే మందు మాత్రం ఇప్పటికీ లేదు.

బతికున్న గుండెలో ఈ పని ఎంత వేగంగా జరుగుతుందో చూడండి. ఎడమ జఠరిక బిగుసుకోవడం మొదలవగానే లోపలి పీడనం కర్ణికలోని పీడనాన్ని దాటుతుంది, మిట్రల్ కవాటం మూసుకుంటుంది. మహాధమనిలో అప్పటికే 80 మిల్లీమీటర్ల పాదరసమంత పీడనం ఉంటుంది. దాన్ని దాటేదాకా అటువైపు కవాటం తెరుచుకోదు. అంటే సెకనులో సుమారు ఇరవయ్యో వంతు సేపు జఠరికకు రెండు దారులూ మూసే ఉంటాయి. కండ బిగుస్తుంటుంది, రక్తం ఎటూ కదలదు. 80 దాటిందో లేదో మహాధమని కవాటం తెరుచుకుని దాదాపు 70 మిల్లీలీటర్ల రక్తం బయటికి దూసుకుపోతుంది, పీడనం 120 దాకా లేస్తుంది. బీపీ చూసి డాక్టరు చెప్పే 120, 80 ఇవే. కుడివైపూ ఇదే వరస. ఒంట్లో తిరిగొచ్చిన రక్తం కుడి కర్ణికలోకి, అగ్రత్రయ కవాటం దాటి కుడి జఠరికలోకి, అక్కణ్నుంచి పుపుస ధమని ద్వారా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఊపిరితిత్తులు పక్కనే ఉన్నాయి కాబట్టి 25 పీడనం చాలు, అందుకే కుడి గోడ ఎడమదానికంటే చాలా పలుచన. స్టెతస్కోపులో వినబడే లబ్, డబ్ రెండూ కవాటాలు మూసుకునే చప్పుళ్లు: మొదటిది కర్ణికల కింద ఉన్నవి, రెండోది ధమనుల మొదట్లో ఉన్నవి. ఆరోగ్యంగా ఉన్న కవాటం తెరుచుకునేటప్పుడు చప్పుడు చెయ్యదు. రోజుకు దాదాపు లక్ష సార్లు ఇలా జరుగుతుంది.

బావి మీద మోటారు పెట్టుకున్న రైతుకు ఇది ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. పైపు అడుగున ఫుట్‌వాల్వు పాడైతే మోటారు ఎంత పెద్దదైనా, ఎంతసేపు తిరిగినా నీళ్లు పైకి రావు. కరెంటు ఖర్చవుతుంది, మోటారు వేడెక్కుతుంది, చేను ఎండుతుంది.

రక్తం ఒంట్లో చుట్టూ తిరిగి మళ్లీ గుండెకే వస్తుందని మనిషికి తెలిసిందీ కవాటాల వల్లే. రెండో శతాబ్దపు గేలెన్ బోధన ప్రకారం రక్తం కాలేయంలో పుట్టి, ఒళ్లంతా పారి, ఖర్చయిపోయేది. యూరప్‌లో వందల ఏళ్లపాటు అదే వేదం. ఇటలీలోని పాడువాలో ఫాబ్రిషియస్ అనే ఆచార్యుడు సిరల్లో చిన్న చిన్న కవాటాలున్నాయని చూశాడు, 1603లో ప్రచురించాడు కూడా. కానీ రక్తమంతా ఒక్కసారిగా కాళ్లలోకి దిగిపోకుండా నెమ్మదింపజేయడానికే అవి ఉన్నాయనుకున్నాడు. ఆయన దగ్గర చదువుకున్న విలియం హార్వే ఇంకో సంగతి పట్టుకున్నాడు. మెడ సిరల్లో ఉన్న కవాటాలు కిందికి తిరిగి ఉన్నాయి. రక్తం కాళ్లలోకి జారకుండా ఆపడమే వాటి పని అయితే మెడలో అవి తలకిందులుగా ఎందుకుంటాయి? చేతిలో, కాలిలో, మెడలో ఎక్కడ చూసినా అవి రక్తాన్ని గుండె వైపే పోనిస్తున్నాయి. దానికి తోడు లెక్క. ఇప్పటి అంకెలతో చెబితే, గుండె ఒకసారి కొట్టుకుంటే 70 మిల్లీలీటర్లు, నిమిషానికి 70 సార్లు వేసుకుంటే గంటకు దాదాపు 300 లీటర్లు. ఒంట్లో ఉన్న రక్తమే 5 లీటర్లు. ఏ కాలేయమూ గంటగంటకూ అంత రక్తం పుట్టించలేదు. వెళ్లిందే తిరిగి రావాలి. 1628లో హార్వే ఈ వాదనను పుస్తకంగా తెచ్చాడు.

ఆయన ప్రయోగం ఒకటి ఇప్పుడే మీ చేతి మీద చేసుకోవచ్చు. మోచేతికి పైన గుడ్డ ఓ మాదిరి బిగువుగా కట్టండి. ముంజేతి సిరలు, మనం నరాలనే అంటాం, ఉబ్బుతాయి, అక్కడక్కడా చిన్న ముడులు కనిపిస్తాయి, ఆ ముడులే కవాటాలు. ఒక ముడికి కింద, అంటే మణికట్టు వైపు, ఒక వేలితో నరాన్ని నొక్కిపట్టండి. రెండో వేలితో అక్కణ్నుంచి రక్తాన్ని పైకి తోసి, ముడి దాటించి వదిలేయండి. ముడికీ నొక్కిపట్టిన వేలికీ మధ్య నరం అణిగిపోయి ఖాళీగా ఉంటుంది. పైనున్న రక్తాన్ని కిందికి తొయ్యబోతే ముడి దగ్గర ఆగిపోతుంది. కింది వేలు తీయగానే నరం కిందనుంచి నిండుతుంది. చూశాక గుడ్డ విప్పెయ్యండి. మా తరగతిలో నరాలు బాగా కనిపించే ఒక పిల్లవాడి చేతి మీద ఇది చేస్తే, గంట కొట్టినా ఎవరూ లేవరు.

ఇప్పుడు అసలు సంగతి. పిల్లల్లో, ముఖ్యంగా 5 నుంచి 15 ఏళ్ల లోపు వాళ్లలో, స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా వల్ల గొంతు నొప్పి, జ్వరం వస్తాయి. చాలామందికి అదే తగ్గిపోతుంది. కొందరిలో మాత్రం రెండు మూడు వారాల తర్వాత ఒంట్లోని రక్షణ వ్యవస్థ ఆ బాక్టీరియా మీద తయారుచేసుకున్న ఆయుధాన్నే తన గుండె మీదకు తిప్పుతుంది. దీన్ని రుమాటిక్ జ్వరం అంటారు. కీళ్లు వాస్తాయి, అదీ ఒక చోట ఉండదు, ఇవాళ మోకాలు, ఎల్లుండి చీలమండ. కీళ్లను నాకి గుండెను కరిచే జబ్బని డాక్టర్లు చదువుకునే రోజుల నుంచీ వింటారు. కీళ్లు పూర్తిగా తగ్గిపోతాయి, కవాటం తగ్గదు. మళ్లీ గొంతు నొప్పి వచ్చినప్పుడల్లా మళ్లీ దెబ్బ. వేలు కనిపించేంత పలుచనైన ఆ రెక్కలు మచ్చకట్టి మందమవుతాయి. అంచులు అతుక్కుంటాయి, దారాలు పొట్టిబడతాయి. కొందరిలో సరిగా మూసుకోక రక్తం వెనక్కి కారుతుంది, కొందరిలో సరిగా తెరుచుకోదు. 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు ఉండాల్సిన మిట్రల్ దారి 1.5కు, కొందరిలో 1కి పడిపోతుంది. రక్తం ఎడమ కర్ణికలో నిలిచి, ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరిగి, ఆయాసం మొదలవుతుంది. సాగిపోయిన కర్ణిక లయ తప్పితే అందులో గడ్డలు కడతాయి. ఒక గడ్డ మెదడుకు వెళ్తే ముప్పై ఏళ్లకే పక్షవాతం.

మా చిన్నక్కకు చిన్నప్పుడు కీళ్ల నొప్పులు వచ్చేవి. "ఎదిగే పిల్ల కదా, కాళ్లు లాగుతాయిలే" అని నాయనమ్మ వేడినీళ్ల కాపడం పెట్టేది. ఆ రోజుల్లో అంతకుమించి ఎవరికీ తెలియదు. పెళ్లయి, మొదటి కాన్పుకు ఇంటికి వచ్చినప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆయాసపడేది. రాత్రిళ్లు పడుకోలేక లేచి కూర్చునేది. "కడుపుతో ఉన్న మనిషికి ఆ మాత్రం ఆయాసం ఉండదా" అన్నారు అందరూ. గర్భంతో ఉన్నప్పుడు తల్లి ఒంట్లో రక్తం పరిమాణం 40, 50 శాతం దాకా పెరుగుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది. వేగం పెరిగితే కొట్టుకూ కొట్టుకూ మధ్య జఠరిక నిండే సమయమే ముందుగా తగ్గిపోతుంది. ఇరుకైన మిట్రల్ దారికి అది మరీ ప్రమాదం. అప్పటిదాకా తెలియని జబ్బు చాలామంది ఆడవాళ్లలో ఆ నెలల్లోనే బయటపడేది ఇందుకే.

పట్టుకున్నది ఒక పెద్ద వయసు డాక్టరు. "ఎడమ పక్కకు తిరిగి పడుకోమ్మా" అని, స్టెతస్కోపు గంటను రొమ్ము కింద ఆనించి, కళ్లు మూసుకుని చాలాసేపు విన్నారు. ఆ తర్వాతే ఎకో, అంటే గుండెను తెర మీద చూపించే స్కానింగ్, రాశారు. మిట్రల్ దారి ఇరుకైనప్పుడు వచ్చే ఆ సన్నటి గురగుర శబ్దం వినాలంటే అలాగే పడుకోబెట్టాలి, అంత ఓపికా ఉండాలి. పొట్టకు సీసపు కవచం చుట్టి, తొడ దగ్గరి సిర నుంచి సన్నటి గొట్టం పంపి, బెలూనుతో అతుక్కున్న అంచుల్ని విడదీశారు. జపాన్ డాక్టర్ కంజి ఇనోవె 1982లో మొదలుపెట్టిన పద్ధతి అది. తల్లీ బిడ్డా క్షేమం.

కష్టం ఆ తర్వాతే మొదలైంది. జబ్బు తిరగబెట్టకుండా 21 రోజులకోసారి బెంజతీన్ పెనిసిలిన్ ఇంజెక్షన్ వేయించుకోమన్నారు, 12 లక్షల యూనిట్లు. మా బావ ఆ సీసా సంచిలో వేసుకుని అక్కను తీసుకుని తిరగని క్లినిక్ లేదు. "పెనిసిలిన్ మేం వెయ్యమండీ, ఏమైనా అయితే ఎవరు జవాబు చెబుతారు?" ప్రతిచోటా ఇదే మాట. ఒకచోట నర్సు సీసా చూసి చెయ్యే పెట్టలేదు. అలర్జీ భయం ఊరికే పుట్టింది కాదు, కానీ ప్రాణం మీదకొచ్చే అలర్జీ చాలా అరుదు. అలర్జీ వస్తే వెంటనే ఇచ్చే అడ్రినలిన్ మందు పక్కన పెట్టుకుని, వేశాక కాసేపు కూర్చోబెట్టి చూసుకుంటే ఎదుర్కోగలిగినదే. కవాటం బాగా పాడై గుండె నీరసించినవాళ్లకు ఇంజెక్షనా మాత్రలా అన్నది గుండె డాక్టరు తేల్చాలి. మిగతావాళ్లకు ఈ ఇంజెక్షన్‌ను కాదనడం జాగ్రత్త కాదు, బాధ్యత తప్పించుకోవడం. వేసేవాళ్లకు నేర్పకపోవడం, అడ్రినలిన్ అందుబాటులో ఉంచకపోవడం, ఏదైనా జరిగితే అండగా నిలబడకపోవడం ఇంకా పెద్ద తప్పు.

ఇంజెక్షన్ నొప్పి కూడా మామూలుది కాదు. తెల్లపొడిలో నీళ్లు కలిపి గిలక్కొడితే చిక్కటి ద్రవం అవుతుంది. సన్నసూదిలో ఇరుక్కుపోతుంది కాబట్టి లావు సూదితో పిరుదులో లోతుగా వెయ్యాలి. రెండు రోజులు కూర్చోవడం కష్టం. మందు అక్కడే ఉండి మూడు వారాలకు పైగా కొంచెం కొంచెం రక్తంలోకి దిగుతుంది, అందుకే వ్యవధి తప్పకూడదు. గుండెకు దెబ్బ తగిలిన పిల్లలకు కనీసం పదేళ్లు, అంతకంటే ఎక్కువ కాలం కూడా వెయ్యాల్సి వస్తుంది. ఏడో తరగతి పిల్లకు, ఒంట్లో ఏ బాధా లేనప్పుడు, ఇన్నేళ్లు ఈ నొప్పి ఎందుకు భరించాలో ఎవరు కూర్చుని చెబుతున్నారు?

ఉగాండాలో 818 మంది పిల్లల మీద ఒక అధ్యయనం జరిగింది. ఎకోలో మాత్రమే కనిపించే తొలిదశ మార్పులున్న పిల్లలు వీళ్లు. సగం మందికి పెనిసిలిన్ ఇంజెక్షన్లు వేశారు, సగం మందికి వెయ్యలేదు. రెండేళ్లలో ఇంజెక్షన్ లేనివాళ్లలో 8.2 శాతం మందికి జబ్బు ముదిరింది, వేసుకున్నవాళ్లలో 0.8 శాతం మందికే. ఫలితాలు 2021 చివర్లో వచ్చాయి. మందు పనిచేస్తుందా లేదా అన్న సందేహానికి ఇక తావు లేదు.

"ఇవన్నీ పాతకాలపు జబ్బులు, ఇప్పుడు హార్ట్ ఎటాకులదే కాలం" అనేవాళ్లున్నారు. ధనిక దేశాల్లో ఈ జబ్బు దాదాపు కనుమరుగైన మాట నిజం. ఇళ్లు విశాలమయ్యాయి, గొంతు నొప్పికి వైద్యం అందింది. ప్రపంచం మొత్తం మీద మాత్రం ఇప్పటికీ ఏటా 3 లక్షల మందికి పైగా దీనివల్ల చనిపోతున్నారు. ప్రపంచ ఆరోగ్య సభ 2018లో దీని మీద ప్రత్యేకంగా తీర్మానం చేసింది. ఒకే గదిలో ఆరుగురు పడుకునే ఇళ్లు, పక్కపక్కనే పరుపులు వేసుకునే హాస్టళ్లు మన రెండు రాష్ట్రాల్లో లేవా?

"కవాటం మార్చే ఆపరేషన్ ఉచితంగా చేస్తున్నారుగా" అనేది ఇంకో వాదన. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ నిజంగా ఎందరినో నిలబెట్టింది. తిరువనంతపురం శ్రీ చిత్ర సంస్థలో డాక్టర్ వలియత్తాన్ బృందం, ముందు నమూనాలు విఫలమైనా వదలకుండా తయారుచేసి, 1990లో మొదటిసారి మనిషికి అమర్చిన చిత్ర అనే కృత్రిమ కవాటం దిగుమతి కవాటాల కంటే చవకగా దొరికి లక్షమందికి పైగా పనికొచ్చింది. ఆ పనంటే నాకు ఎనలేని గౌరవం. అయినా లోహపు కవాటం సొంత కవాటం కాదు. దాని మీద రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మాత్ర వేసుకోవాలి. మాత్ర ఎక్కువైతే రక్తస్రావం, తక్కువైతే కవాటమే ఇరుక్కుపోతుంది. అందుకని రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష పదేపదే చేయించుకోవాలి. తోటకూర, పాలకూర, మునగాకు ఒక వారం రోజూ తిని ఇంకో వారం మానేస్తే ఆ లెక్కే మారిపోతుంది. తినొద్దని కాదు, వారం వారం ఒకేలా తినాలి. ఊళ్లో ల్యాబు లేని ఇరవై ఏళ్ల అమ్మాయికి ఇది ఎంత టెన్షనో ఆలోచించండి. ఆ మాత్రల్లో కొన్ని కడుపులో బిడ్డకు హాని చేస్తాయి, కాబట్టి పెళ్లి, పిల్లలు అన్నీ డాక్టరును అడిగి నడుచుకోవాల్సిన జీవితం. లక్షల ఖర్చుతో ఇది ఇస్తాం, కొద్దిపాటి ఖరీదు చేసే ఇంజెక్షన్ మాత్రం వెయ్యం అంటే ఎలా?

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో రుమాటిక్ గుండె జబ్బు ఉంది. బడికి బృందం వస్తుంది, చూస్తుంది, రాసుకుంటుంది. రాసుకున్న తర్వాత జరగాల్సిందే కష్టమైన పని. ప్రతి పీహెచ్‌సీలో ఈ ఇంజెక్షన్‌కు ఒక రోజు కేటాయించి, సీసా, అడ్రినలిన్, వెయ్యడం వచ్చిన నర్సు, ఈ మూడూ ఆ రోజు అక్కడుండేలా చూడాలి. గురుకులాల్లో, సంక్షేమ హాస్టళ్లలో అలాంటి పిల్లల తదుపరి తేదీ వార్డెన్ రిజిస్టర్లో ఉండాలి. ఇటుక బట్టీలకో, భవనాల పనులకో అమ్మానాన్నలతో వలస వెళ్లే పిల్లల చేతిలో ఏ ఊళ్లోనైనా చూపించుకోగల కార్డు ఉండాలి. తల్లిదండ్రులకు నేను చెప్పేది రెండే: జ్వరంతో కూడిన గొంతు నొప్పిని డాక్టరుకు చూపించండి, ఒక కీలు నుంచి ఇంకో కీలుకు మారే నొప్పిని ఎదుగుదల అని వదిలెయ్యకండి. ఆసుపత్రులకు చెప్పేది ఒక్కటే. డిశ్చార్జి కాగితం మీద "పెనిసిలిన్ కొనసాగించాలి" అని రాసి పంపితే చాలదు. ఏ ఊళ్లో, ఎవరు, ఏ తేదీన వేస్తారో అక్కడికి ఫోన్ చేసి కనుక్కుని, దాని కిందే రాసి ఇవ్వండి.